అలలపై ఆట, మతిమరుపుతో పోరు

సముద్రతరంగములపై పలకనెక్కి స్వారిచేయు క్రీడకు సర్ఫింగ్ అని పేరు. ఇది హవాయిదీవులవారి పూర్వికవిద్య. ఆ దీవులవాడగు డ్యూక్ కహనమోకు 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ పందెములలో ఈతయందు స్వర్ణపతకము గెలిచి, తరువాత ఈ విద్యను అమెరికా, ఆస్ట్రేలియా తీరములలో వ్యాపింపజేసెను. 2021లో జపానున జరిగిన ఒలింపిక్ పందెములలో దీనికి మొదటిసారి స్థానము లభించినది. ఇట్టి వినోదము నేడొక దారుణరోగముపై జరుగు పరిశోధనకు ధనము సమకూర్చు సాధనమైనది. ఆ రోగము డిమెన్షియా. జ్ఞాపకమును, వివేచనను, తుదకు కన్నబిడ్డల గుర్తును సైతము క్రమముగా హరించు మెదడువ్యాధి యిది. దాని రూపములలో ఆల్జీమర్స్ ప్రధానము.

అమెరికాలో 1980లో స్థాపితమైన ఆల్జీమర్స్ అసోసియేషన్ జూన్ మాసమునందు పగలు మిక్కిలి దీర్ఘమగు దినమును ఈ రోగుల పేర ప్రత్యేకించినది. ఆ సందర్భమున ఎవరికి ప్రియమైన పని వారు చేసి చందాలు పోగుచేయుదురు. బ్రిడ్జి ఆటగాండ్రు పేకలు పట్టుదురు, నడచువారు నడతురు, సర్ఫింగు నేర్చినవారు అలలనెక్కుదురు. "నేనింతసేపు నీటిపై నిలిచెదను; మీ శక్తికొలది చందా నిండు" అని ఆటగాడు బంధుమిత్రులను, ఇరుగుపొరుగువారిని అడుగును. ఒక కుబేరుని లక్షకంటె వేయిమంది రూపాయలనే కోరుట ఈ పద్ధతియొక్క విశేషము.

ఇంట తండ్రి తన పేరు తాను మరచియుండగా కుమారుడు సముద్రమున ఆడుకొనుట యేమి ధర్మమని కొందరాక్షేపింపవచ్చును. అమెరికా ప్రభుత్వమే 2023లో ఈ పరిశోధనకు 300 కోట్ల డాలర్లకు మించి వ్యయపరుపగా, ఈ చందాల బిందువు లెంతయని మరికొందరందురు. ఈ రెంటికిని సమాధానము కలదు. ప్రభుత్వధనము సాధారణముగా ఋజువు చూపిన మార్గములకే పోవును. యువశాస్త్రజ్ఞుని తొలియూహకు మొదటి ఆధారము పలుమారు ప్రజల చందాయే. అంతకంటె గొప్పఫలము మరియొకటి. తలుపుచాటున దాగిన రోగము సముద్రతీరమున పదిమంది నోట పలుకబడును. సిగ్గు తొలగినగాని చికిత్స ప్రారంభము కాదు.

ఆ సిగ్గు మన దేశమున మరింత దట్టముగానున్నది. 2023లో ప్రకటింపబడిన పరిశీలన ననుసరించి భారతదేశమున అరువదేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, డిమెన్షియా పీడితులు. మనమో దానిని చాదస్తమనియు, వయసు మీరిన తిక్కయనియు త్రోసివేయుచున్నాము. నిన్న అమ్మిన పొలమును నేడు తనదే యను వృద్ధుడు, ఎవరు చూపిన కాగితముపైనైన వ్రాలుచేయు వృద్ధుడు మన గ్రామములకు క్రొత్తవారు కారు. ఆ వ్రాలు నిమిత్తమై అన్నదమ్ములు న్యాయస్థానముల మెట్లెక్కుదురు. వైద్యుని యొద్దకు మాత్రము ఎవరును పోరు.

ఈ విషయమున పరిశోధన పరదేశీయులదే యని భావించుట పొరపాటు. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞానసంస్థలో 648 మంది రోగులను పరీక్షించి 2013లో వైద్యులు ప్రకటించిన ఫలితము ప్రపంచ శాస్త్రజ్ఞులను ఆకర్షించినది. ఒకే భాష తెలిసినవారికంటె రెండు మూడు భాషలాడువారికి ఈ రోగము సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడినది. చదువురానివారిలోను ఈ భేదము తోచినది. పాశ్చాత్యదేశములలో రెండుభాషలవారు తరచుగా వలసవచ్చినవారగుటచే, ఏది భాషాఫలమో ఏది వలసఫలమో తేల్చుట కష్టము. తెలుగును, ఉర్దూను, హిందీని, ఆంగ్లమును ఒకే వీథిలో వినవచ్చు నగరమున ఆ చిక్కు తక్కువ. మన ప్రజలను మనము పరిశీలింపనిదే ఇట్టి సత్యములు బయల్పడవు.

చేయవలసినది ఇంకను చాల కలదు. 2023లో అమెరికా అనుమతించిన లెకానెమాబ్ అను ఔషధము పరీక్షలలో పదునెనిమిది నెలల కాలమున రోగవృద్ధిని నూటికి 27 వంతులు మందగింపజేసినదేకాని రోగమును మాన్పలేదు. రక్తపుపోటు, చెవుడు, వ్యాయామలోపము మున్నగు 14 కారణములను నివారించినచో దాదాపు నూటికి 45 మందికి ఈ రోగమును తప్పింపవచ్చును, లేదా వాయిదా వేయవచ్చునని లాన్సెట్ పత్రిక నియమించిన సంఘము 2024లో తెలిపినది. కావున దేహమును శ్రమపెట్టు ఆటకును ఈ రోగనివారణకును సంబంధము లేకపోలేదు.

చందాలెత్తుట ఆంధ్రులకు నేర్పవలసిన విద్య కాదు. తిలక్ స్వరాజ్యనిధికి కోటిరూపాయలు కూర్పవలయునను తీర్మానము 1921లో బెజవాడలోనే జరిగినది. మనకు సర్ఫింగు పలకలే కానక్కరలేదు. సంక్రాంతికి ఎడ్లపందెములు జరిపించు రైతుపెద్దలు ఆనాటి వసూలులో ఒక భాగమును జ్ఞాపకశక్తి చికిత్సాలయములకును, 1992లో వెలసిన భారతీయ ఆల్జీమర్స్ సంఘమునకును ఏల ఇయ్యరాదు? ఒక్క నియమము మాత్రము విడువరాదు. ఎంత వచ్చినది, పందెమునకెంత వ్యయమైనది, పరిశోధనకెంత చేరినదియు పైసలతో లెక్క ప్రకటింపవలయును. లెక్కలేని దానము ఒక పండుగతో ముగియును. లెక్కగల దానము మరుసటి యేడు రెట్టింపగును. మన పెద్దలు మనలను మరచుచున్నారు. మనము వారిని మరువకుండుటకు ఇదియొక మార్గము.