గడ్డకట్టించే చలిలో బ్యాక్టీరియా ఎలా బతుకుతుంది?

ఉప్పు వల్ల సముద్రపు నీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. ఆ చలిలోనూ కొన్ని బ్యాక్టీరియాలు హాయిగా పెరుగుతాయి. ఎలా?

చలికాలంలో నెయ్యి పేరుకుంటుంది, చాలా వంటనూనెలు మాత్రం జారుతూనే ఉంటాయి కదా! ఈ జీవుల కణపొరలో ఆ నూనెల్లో ఉండేలాంటి అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అందుకే పొర బిగుసుకుపోదు. ఆహారం లోపలికి, వ్యర్థాలు బయటికి వెళ్తూనే ఉంటాయి. వాటి ఎంజైములు కూడా సులువుగా వంగుతాయి కాబట్టి చలిలోనూ చురుగ్గా పనిచేస్తాయి.

ఆర్కిటిక్ సముద్రపు అడుగు మట్టిలో దొరికిన కోల్వెలియా 34హెచ్ అనే బ్యాక్టీరియా, గడ్డకట్టని ద్రవంలో మైనస్ 10 డిగ్రీల దగ్గరా ఈదగలదని 2003లో శాస్త్రవేత్తలు గుర్తించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ కూడా అంటార్కిటికా బ్యాక్టీరియాలను అధ్యయనం చేసింది.

ఎందుకీ పరిశోధన? చన్నీళ్లలోనే మరకలు వదిలించే డిటర్జెంట్లకు ఇలాంటి ఎంజైములే కావాలి.