పత్రికలు పట్టం కట్టిన జార్లు: అపోహలు – వాస్తవాలు

రష్యాను ఏలిన చివరి జార్ రెండవ నికోలస్ 1917లో గద్దె దిగాడు. మరుసటి ఏడాది జులైలో బోల్షివిక్‌లు ఆయన్ను కుటుంబంతో సహా కాల్చి చంపారు. రష్యాలో జార్ల కథ అక్కడితో ముగిసింది. అమెరికా పత్రికల్లో మాత్రం కొత్త జార్లు వెలిశారు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అక్కడ బేస్‌బాల్‌కు ఒక జార్, సినిమాకు ఒక జార్ ఉండేవారు. ఆ పిలుపు గురించి చాలామంది నమ్మేవాటిలో నిజమెంతో చూడాలి. ఎందుకంటే, అధికారం ఎవరిదో చెప్పాల్సిన పత్రికే కొన్నిసార్లు దాన్ని తెలియకుండానే కప్పేస్తుంది.

అపోహ: రష్యాలో జార్ పోయాకే అమెరికన్లు ఈ మాటను ఎత్తుకున్నారు.

వాస్తవం: అంతకు చాలా ముందే వాడారు. అయితే అప్పుడది తిట్టు. పేరు పిలిచినా పలక్కుండా కూర్చుని, కోరం లేదనిపించడం అప్పట్లో అమెరికా ప్రతినిధుల సభలో ప్రతిపక్షం ఎత్తుగడ. 1890లో స్పీకర్ థామస్ రీడ్ అలా మౌనంగా కూర్చున్నవాళ్లనూ హాజరైనట్టే లెక్క రాయించాడు. ప్రత్యర్థులు ఆయన్ను 'జార్ రీడ్' అన్నారు. తర్వాత స్పీకర్ జోసెఫ్ కేనన్‌కూ అదే పేరు పడింది. 1910లో సొంత పార్టీవాళ్లే కొందరు ప్రతిపక్షంతో చేతులు కలిపి ఆయన అధికారాలకు కత్తెర వేశారు.

అపోహ: ఆ తర్వాత కూడా అది తిట్టుగానే మిగిలింది.

వాస్తవం: 1920ల్లో గాలి మారింది. 1919 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు జూదరుల డబ్బు తీసుకుని ఓడిపోయారన్న ఆరోపణతో జనానికి ఆటమీదే నమ్మకం పోయింది. ఆటను చక్కదిద్దే పని అప్పగించేందుకు 1920 నవంబర్ 12న జట్ల యజమానులు షికాగోలోని ఫెడరల్ జడ్జి కెనెసా మౌంటెన్ లాండిస్ కోర్టుకు వెళ్లారు. ఆయన ఒక లంచం కేసు విచారిస్తున్నాడు. వెనక వీళ్ల సందడి వినపడగానే సుత్తి కొట్టి నోరు మూయించాడు. పని అయ్యేదాకా ముప్పావు గంట కూర్చోబెట్టాడు. అలాంటి కఠినుడే కావాలని యజమానులూ, జనమూ కోరుకున్నారు. ఆటను కడిగే గట్టి చెయ్యి అన్న అర్థంలో పత్రికలు ఆయన్ను బేస్‌బాల్ జార్ అన్నాయి.

అపోహ: 'జార్' అనేది ప్రభుత్వం ఇచ్చిన పదవి.

వాస్తవం: లాండిస్ హోదా కమిషనర్. సినిమా జార్ విల్ హేస్ నిర్మాతల, పంపిణీదారుల సంఘానికి అధ్యక్షుడు. పోస్ట్‌మాస్టర్ జనరల్ పదవి వదులుకుని ఆయన 1922లో ఆ కొలువులో చేరాడు. ఇద్దరినీ కుదుర్చుకున్నదీ, జీతమిచ్చిందీ ఆయా వ్యాపారాల యజమానులే. అయినా పత్రికలు జార్ అనే రాసేవి; ఇంగ్లిష్‌లో నాలుగే అక్షరాల ఆ మాట ఇరుకు శీర్షికల్లో ఇట్టే ఇమిడిపోయేది.

అపోహ: ఈ జార్ల మాటకు తిరుగులేదు.

వాస్తవం: లాండిస్ విషయంలో ఇది చాలావరకు నిజం. 1921 ఆగస్టు 2న జ్యూరీ వైట్ సాక్స్ ఆటగాళ్లను నిర్దోషులని తేల్చింది. మర్నాడే ఆయన ఎనిమిది మందిని జీవితాంతం ఆట నుంచి వెలివేశాడు. తన తీర్పులపై కోర్టుకెక్కబోమని యజమానులు ముందే ఒప్పుకోవడం వల్లే ఆయనకు ఆ బలం వచ్చింది.

హేస్‌కు అంత బలం లేదు. 1922 ఏప్రిల్‌లో జ్యూరీ నిర్దోషిగా వదిలేసిన హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ సినిమాలను ఆయన నిలిపేశాడు. డిసెంబరులో ఆ నిషేధాన్ని తానే ఎత్తేశాడు. తెరమీద ఏం చూపొచ్చో చెబుతూ 1930లో తెచ్చిన నిర్మాణ నియమావళిని స్టూడియోలు పెద్దగా లెక్కచేయలేదు. సినిమాలను బహిష్కరిస్తామని 1934లో కేథలిక్కులు కదిలాకే, హేస్ కింద పనిచేసిన జోసెఫ్ బ్రీన్ చేతుల మీదుగా అది గట్టిగా అమలైంది.

అపోహ: ఆ జార్లు అందరికీ న్యాయం చేశారు.

వాస్తవం: లాండిస్ కమిషనర్‌గా ఉన్న 24 ఏళ్లలో మేజర్ లీగుల్లో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ ఆడలేదు. ఆయన 1944లో చనిపోయాడు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఆ లీగుల మైదానంలో దిగింది 1947లో. అది ఒక్క లాండిస్ నేరమే కాదు, జట్ల యజమానులదీ. జూదాన్ని తరిమిన చేతులు వర్ణవివక్ష జోలికి పోలేదు. శీర్షికల్లో కీర్తి పొందిన 'శుద్ధి'కి ఆ హద్దు ఉంది.

అపోహ: ఈ వాడుక అధ్యక్షుడు నిక్సన్ కాలంలో పుట్టింది.

వాస్తవం: 1973 నాటి చమురు సంక్షోభంలో 'ఇంధన జార్' అన్న పిలుపు బాగా వినిపించిన మాట నిజమే. కానీ 1942లోనే, రబ్బరు సరఫరా చూసిన విలియం జెఫర్స్‌ను రబ్బరు జార్ అన్నారు. దారి వేసింది మాత్రం 1920ల పత్రికలే.

ఒక మనిషికి రాజు పేరు తగిలిస్తే పాఠకుడి చూపంతా అతని మీదే నిలుస్తుంది. మెచ్చుకోలు అతనికే, నింద అతనికే. అతన్ని కుదుర్చుకుని, జీతమిచ్చి, హద్దులు గీసిన యజమానులు తెర వెనకే ఉండిపోతారు. అందుకే ఎవరినైనా పత్రిక జార్ అన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి: ఇతన్ని నియమించింది ఎవరు? జీతం ఇచ్చేది ఎవరు? దించగలిగేది ఎవరు? వాటికి జవాబు చెప్పని వార్త ఎంత పెద్ద అక్షరాల్లో అచ్చయినా సగం వార్తే.