సంధి పుట్టకముందే

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న ముసలమ్మ మొదటి రోజు బాగానే మాట్లాడుతుంది. రెండో రాత్రి సెలైన్ గొట్టం పీకేస్తుంది. గోడ నిండా చీమలంటుంది. ఏనాడో పోయిన భర్తను అన్నానికి రమ్మని పిలుస్తుంది. తెల్లారేసరికి తేరుకుంటుంది, పొద్దుగూకగానే మళ్లీ మొదలవుతుంది. మన పల్లెల్లో దీన్ని సంధి పుట్టడం అంటారు, వైద్యులు డెలిరియం అంటారు. ఇది పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు. వయసుతో శక్తి తగ్గిన మెదడు ఆపరేషన్ వల్ల ఒంట్లో రేగిన వాపును, నొప్పిని, నిద్రలేమిని, నీరు తగ్గడాన్ని ఒకేసారి తట్టుకోలేక తడబడటం.

అందరూ ఇలా కేకలు పెట్టరు. కొందరు మగతగా, పిలిస్తే ఆలస్యంగా పలుకుతూ పడి ఉంటారు. ‘పాపం, అలసిపోయి నిద్రపోతోంది’ అని ఇంటివాళ్లు ఊరుకుంటారు. ఎక్కువగా కనిపెట్టలేకపోయేది ఈ రకాన్నే.

మత్తుమందు తలకెక్కిందనే మాట ప్రతి వార్డులోనూ వినిపిస్తుంది. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. సగం మందికి పూర్తి మత్తు, సగం మందికి వెన్నులో సూది. రెండు వైపులా దాదాపు అయిదో వంతు మందికి డెలిరియం వచ్చింది. అంటే ఏ మత్తు ఇచ్చారన్నదాని కన్నా, ఆపరేషన్ గది నుంచి బయటికి వచ్చాక మంచం దగ్గర ఏం జరుగుతోందన్నదే ముందుగా చూడాలి.

అలా చూసినవారిలో ముఖ్యురాలు అమెరికా వైద్యురాలు షారన్ ఇనోయ్. ఆమె బృందం 70 ఏళ్లు దాటిన 852 మంది రోగులపై జరిపిన పరిశోధనలో సగం మందికి చేసిన సేవల్లో కొత్త మందేదీ లేదు. ఇది ఏ ఊరు, ఈ రోజు ఏ వారం అని గుర్తు చేయడం, కళ్లజోడు పెట్టడం, నీళ్లు తాగించడం, లేపి నడిపించడం, రాత్రి నిద్ర చెడగొట్టకపోవడం, అంతే. 1999లో వెలువడిన ఫలితాల ప్రకారం మామూలు వార్డుల్లో 15 శాతం మందికి డెలిరియం వస్తే, ఈ సేవలు అందినవారిలో 9.9 శాతానికే వచ్చింది. వాళ్లు ఆపరేషన్ రోగులు కారు. పొట్ట ఆపరేషన్ అయిన 377 మంది పెద్దలతో తైవాన్‌లో ఇలాంటి పనే చేశారు. మాటలతో గుర్తు చేయడం, నోటి శుభ్రతా తిండీ చూడటం, త్వరగా నడిపించడం, ఈ మూడే. 2017లో వచ్చిన లెక్క: మామూలు సేవలతో 15.1 శాతం, ఈ పనితో 6.6 శాతం.

అమెరికాలో ఈ పనికి స్వచ్ఛంద సేవకులను వెతికి, శిక్షణ ఇచ్చి తెచ్చుకోవలసి వచ్చింది. మన ఆసుపత్రుల్లో ఆ మనిషి ముందే ఉంది: మంచం పక్కన చాప వేసుకుని పడుకునే కూతురో, కోడలో, మనవడో. కర్ణాటకలోని బీదర్‌లో ఆ మనిషి విలువ ఇంకా ఎక్కువ. 1956లో ఈ జిల్లా నుంచి నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాద్ తాలూకాలో ఎక్కువ భాగం తెలుగు వైపుకు వచ్చాయి. సరిహద్దు గీత మారింది గానీ భాషలు గీత దగ్గర ఆగవు. కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు అక్కడ పక్కపక్క మంచాల మీదే ఉంటాయి. తడబడుతున్న మెదడు ఎప్పుడో నేర్చిన రెండో భాషను అందుకోలేకపోవచ్చు. నర్సు కన్నడంలో ఎంత ఆప్యాయంగా అడిగినా అవ్వకు అర్థం కాకపోతే ఏం లాభం? ‘అవ్వా, నేను నీ బిడ్డను. ఇది బీదర్ దవాఖాన. నీ తుంటికి ఆపరేషన్ అయింది. ఇయ్యాల బేస్తారం’ అని ఆమె మాటలోనే పూటపూటా చెప్పేవాళ్లు కావాలి. ఆ కూతురిని అడ్డంగా భావించి బయటికి పంపడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

అయితే ఆ కూతురికి కొన్ని సంగతులు ఎవరో ఒకరు చెప్పాలి. పోతాయన్న భయంతో అవ్వ కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ రుమాల్లో మూటగట్టి ఇంటికి పంపేస్తారు. మసక చూపుకు గోడ మీది మరకలే చీమలవుతాయి. అవన్నీ చేతికందే చోట ఉండాలి. మలబద్ధకం, నొప్పి, అవసరం తీరాక కూడా ఉంచిన మూత్రపు గొట్టం, వీటి గురించి డాక్టరును అడగాలి. నిద్ర పట్టడం లేదని సొంతంగా నిద్రమాత్ర వేయకూడదు. జలుబుకు వాడే కొన్ని మాత్రలు కూడా ముసలివారిలో సంధి తెస్తాయి.

ఇంటివాళ్లు దాచిపెట్టే సంగతి ఇంకొకటి ఉంది: కల్లు. కల్తీ కల్లులో డయాజిపామ్, ఆల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో ఆ కల్లు అందకుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎంతోమంది వణుకుతో, పిచ్చిమాటలతో ఆసుపత్రులకు చేరారు. ఆ కల్లుకు అలవాటుపడి, కాలు విరిగి వచ్చిన మనిషికి మంచం మీద జరిగేదీ అదే, అలవాటు హఠాత్తుగా తెగడం. ఈ సంధికి వైద్యం వేరు. ఇతరులకు వద్దనే ఆ రకం నిద్రమందుల్నే డాక్టరు లెక్క ప్రకారం ఇవ్వవలసి వస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే, నలుగురి ఎదుట కాకుండా పక్కకు పిలిచి అడగాలి. తాగేది మగవాళ్లే అనుకోకుండా అవ్వనూ అడగాలి.

సంధిని కనిపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. ‘అవ్వా, వారాల పేర్లు ఎనకకు చెప్పు’ అనాలి. శనివారం, శుక్రారం, బేస్తారం... నిన్న గడగడా చెప్పిన మనిషి ఇవాళ బేస్తారం దగ్గర ఆగిపోయి కిటికీ వంక చూస్తూ ఉండిపోతే, తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే నర్సును పిలవాలి.