కారుణ్య మరణం: అపోహలు – వాస్తవాలు

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్‌లోని ఎల్బీనగర్ కామినేని ఆసుపత్రి నుంచి ఒక దాత గుండె మెట్రో రైలెక్కి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా లక్డీకాపూల్ చేరింది. 13 కిలోమీటర్లకు పట్టింది 13 నిమిషాలే. ఇంత జరుగుతున్నా, అవయవదానమంటే ‘ప్రాణముండగానే కోసేస్తారట’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. చావు మాట ఎత్తడమే అశుభమని మనం దాటేస్తాం. ఆ మౌనంలోనే అవయవదానం మీద, కారుణ్య మరణం మీద అపోహలు పెరుగుతాయి. ఐసీయూ ముందు కూర్చున్న కుటుంబాన్ని అవి మరింత కుంగదీస్తాయి.

అపోహ: బ్రెయిన్ డెత్ అంటే కోమా. అవయవాలు తీసుకోవడం కారుణ్య మరణమే.
వాస్తవం: కోమాలో ఉన్న మనిషి బతికే ఉంటాడు, కోలుకోవచ్చు కూడా. బ్రెయిన్ డెత్ 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం మరణమే. నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే నిర్ధారిస్తుంది. హైదరాబాద్ చదరంగ క్రీడాకారుడు కె. వెంకటేశ్ కండరాల క్షీణతతో మంచాన పడి, తాను పోకముందే అవయవాలు తీసుకోవాలని కోరాడు. తల్లి ఆ కోరికను మోసుకుని హైకోర్టు దాకా వెళ్ళింది. బతికున్న మనిషి నుంచి అలా తీయడాన్ని చట్టం అనుమతించదని కోర్టు కాదంది. 2004 డిసెంబరు 17న, 25 ఏళ్ళ వయసులో అతను కన్నుమూశాడు.

అపోహ: ఇప్పుడు మన దేశంలోనూ డాక్టర్లు ఇంజెక్షన్ ఇచ్చి బాధ తీర్చవచ్చు.
వాస్తవం: అది నేరం. నెదర్లాండ్స్, బెల్జియం 2002లో దాన్ని చట్టబద్ధం చేశాయి. మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న అనుమతించింది వేరు: కోలుకునే ఆశ లేని రోగికి వెంటిలేటర్ వంటి ప్రాణాధార చికిత్స ఆపడం. అక్కడ ప్రాణం తీసేది జబ్బే.

అపోహ: కోరి మరణించడం పాశ్చాత్యుల ఆలోచన.
వాస్తవం: భాగవతంలో పరీక్షిత్తు ఆహారం మాని మరణానికి సిద్ధపడే ప్రాయోపవేశం చేశాడు. జైనులకు అలాంటిదే సల్లేఖన వ్రతం ఉంది. శ్రీశైలంలో 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపంలో భక్తులు తమ అవయవాలను శివుడికి అర్పించేవారు. అయితే ఇవి వ్రతాలు, మొక్కులు. నొప్పి భరించలేని రోగి వైద్యుణ్ణి అడిగే చావుకు వీటిని సాక్ష్యంగా తేవడం సరికాదు.

అపోహ: చికిత్స ఆపాలంటే హైకోర్టుకు వెళ్ళాల్సిందే.
వాస్తవం: ఏళ్ళ తరబడి అచేతనంగా ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011 నాటి సుప్రీంకోర్టు తీర్పు అలాగే చెప్పింది. ఇప్పుడు అక్కర్లేదు. 2023 జనవరిలో సడలించిన నిబంధనల ప్రకారం ఆసుపత్రిలోనే ముగ్గురేసి వైద్యుల బోర్డులు రెండు పరిశీలిస్తాయి, మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. ఏ చికిత్స వద్దో ముందుగానే చెప్పే పత్రం, అంటే లివింగ్ విల్ రాసుకోవాలంటే ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలు. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు.

అపోహ: చికిత్స ఆపడమంటే రోగిని గాలికి వదిలేయడమే.
వాస్తవం: నొప్పి తగ్గించడం, ఆయాసం తీర్చడం, పక్కన ఉండటం చివరిదాకా ఆగవు. అదే పాలియేటివ్ కేర్. నగరంలో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, స్పర్శ్ హాస్పిస్ ఈ సేవ అందిస్తున్నాయి. మార్ఫిన్ వంటి మందులు సరిగా అందితే, ‘నన్ను చంపేయండి’ అన్న రోగి నోటనే ఆ మాట ఆగిపోవచ్చు.

ఇల్లు ఎవరికి, పొలం ఎవరికని వీలునామా రాసే పెద్దలు తమ ఒంటికి ఏ చికిత్స కావాలో, ఏది వద్దో కూడా రాసిపెట్టాలి. లేకుంటే ఆ భారమంతా పిల్లల మీద పడుతుంది. వెంటిలేటర్ తీయమంటే పాపమని, ఉంచమంటే అప్పులని వాళ్ళు నలిగిపోతారు.