పిన్ని చెమట లెక్క

మా చికిటి నుంచి ఇచ్ఛాపురం దాటి వెళ్తే ఉద్దానం. అక్కడ కవిటి దగ్గర మా పిన్ని జీడితోటల్లో కూలికి వెళ్తుంది. వేసవి సెలవుల్లో నా చేతికున్న స్మార్ట్ వాచీ చూసి, "ఇదేటే, నాకు చెమటెంత పోయిందో చెప్తాదా?" అని అడిగింది. అడుగులు చెప్పింది, గుండె కొట్టుకోవడం చెప్పింది. చెమట సంగతి దానికి తెలీదు.

చెమటను కొలిచేవి వేరే ఉన్నాయి. 2016లో అమెరికాలోని బర్క్‌లీలో అలీ జావే బృందం మణికట్టుకో నుదుటికో కట్టుకునే పట్టీ తయారుచేసింది. చెమటలోని సోడియం, పొటాషియం, గ్లూకోజ్, లాక్టేట్‌లను అది అక్కడికక్కడే కొలిచి ఫోనుకు పంపుతుంది. 2021లో గేటొరేడ్ కంపెనీ ఆటగాళ్ళ కోసం ఒక స్టిక్కరు అమ్మకానికి పెట్టింది. ముంజేతికి అతికించుకుంటే దానిలోని సన్నటి కాలువల్లోకి చెమట ఎక్కి రంగు కనిపిస్తుంది. ఒక రంగు చెమటెంతో, ఇంకోటి ఉప్పెంతో చెబుతాయి. ఫోనుతో స్కాన్ చేస్తే లెక్క వస్తుంది. ఒకసారి వాడి పారేయడమే!

ఉప్పు ఎందుకంటే, అది అందరికీ ఒకేలా పోదు. లీటరు చెమటలో ఒకరికి అర గ్రాము సోడియం కూడా పోదు, ఇంకొకరికి గ్రాము దాటిపోతుంది.

"అయితే షుగరుకి సూది పోటు తప్పుతుందా?" అంది మా క్లాసమ్మాయి. ఇప్పట్లో కాదు. చెమటలో గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానికి దాదాపు వందో వంతే. పైగా చర్మం మీదున్నదీ అందులో కలుస్తుంది. అలాంటి ప్రకటనలు చూసి డబ్బులు పొయ్యకండి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మనందరికీ తెలుసు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో పనిచేస్తూ ఒంట్లో నీరు తగ్గడం అనుమానాల్లో ఒకటి. నికరాగువా చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడ కొన్ని తోటల్లో నీళ్ళు, నీడ, విరామం ఇచ్చే ఏర్పాట్లు చేశారు. స్టిక్కరు ఆటగాళ్ళకి తయారైంది గానీ, దాని అవసరం కూలీలకే ఎక్కువని నాకనిపిస్తుంది.

స్టిక్కరు లేకపోయినా చెమటెంతో తెలుసుకోవచ్చు. పనికి ముందూ తర్వాతా బరువు చూసుకుని, తగ్గిన బరువుకి తాగిన నీళ్ళు కలపాలి, మూత్రానికి వెళ్తే ఆ మేరకు తీసెయ్యాలి. కిలో అంటే ఇంచుమించు లీటరు. ఉప్పు సంగతి మాత్రం దీంతో తేలదు. కొబ్బరికాయలు తూచే కాటా మీద పిన్నిని నిలబెట్టాను. పొద్దున్న 52.4 కిలోలు. నాలుగు గంటల తర్వాత 51.2. మధ్యలో తాగింది ఒక్క లీటరు సీసా. అంటే చెమట 2.2 లీటర్లు.

మూత్రానికి ఎంత తియ్యాలని అడిగితే, "ఒక్కసారీ ఎళ్ళలేదే" అంది. "తోటలో మగోళ్ళుంటారు. ఎక్కడికెళ్తాం? అందుకే నీళ్ళు తక్కువ తాగుతాం."