ఏసీ ఆపినా వచ్చే బిల్లు

దుబాయ్‌లో మీ నాన్న చూసొచ్చిన ఫ్లాటు పది లక్షల దిర్హాలన్నాడని, 24తో గుణించి రెండు కోట్ల నలభై లక్షలని తేల్చేశావు కదే బుజ్జీ! గుణకారం బాగానే వచ్చింది. రేటు రోజూ కదులుతుందిలే గానీ, లెక్క కోసం 24 అనే ఉంచుదాం. ఇక కలం తియ్యి.

దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంటుకి నూటికి 4. రూలు ప్రకారం అమ్మేవాడూ కొనేవాడూ చెరిసగం పెట్టుకోవాలి, కానీ మామూలుగా మొత్తం కొనేవాడి నెత్తినే పడుతుంది. అది 40,000. ఏజెంటుకి నూటికి 2, దాని మీద 5 శాతం వ్యాటు, వెరసి 21,000. పేరు మార్పించే ట్రస్టీ ఆఫీసుకి 4,200, టైటిల్ డీడుకి 580. కూడితే 65,780 దిర్హాలు. మన డబ్బుల్లో దాదాపు 16 లక్షలు. ఇంట్లో ఇంకా కుర్చీ కూడా వెయ్యలేదు.

ఇక మన వైపు సంగతి. ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకి మించి బయటికి పంపకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. దిర్హాన్ని 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేశారు కాబట్టి ఈ లెక్క చెదరదు: ఖర్చులతో కలిపి 2,90,000 డాలర్లు దాటుతోంది. మీ నాన్న ఒక్కడి కోటా చాలదు. మీ అమ్మ పేరు కూడా వేస్తే ఇద్దరి కోటా కలుస్తుంది. నన్నడిగితే న్యాయం కూడా అదే. పైగా మనిషికి పది లక్షలు దాటాక పంపే ప్రతి రూపాయి మీదా బ్యాంకు ముందస్తు పన్నుగా 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. ఇద్దరికీ కలిపి సుమారు 47 లక్షలు! రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుకుంటారు, మిగిలింది తిరిగిస్తారు. పోయే డబ్బు కాదు గానీ, ఆ రోజుకి చేతిలో ఉండాలిగా?

ఇవన్నీ ఒక్కసారి కట్టేవి. నాకు సరదాగా ఉండేది చల్లదనం బిల్లు.

అక్కడ చాలా పెద్ద బిల్డింగుల్లో గదికో ఏసీ పెట్టరు. పేటంతటికీ ఒక ప్లాంటు ఉంటుంది. అందులో నీళ్లని నాలుగైదు డిగ్రీలకి చల్లబరిచి, భూమిలో గొట్టాల గుండా తోస్తారు. అవి బిల్డింగు వేడిని మోసుకుని వెనక్కి వస్తాయి. ఆ వేడిని కొలిచేది టన్నుల్లో. 907 కిలోల ఐసు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో, టన్ను ఏసీ రోజంతా తిరిగి అంత వేడినీ బయటికి తోడిపోస్తుంది. అంటే మూడున్నర కిలోవాట్లు. మన హాల్లో గోడకున్నది ఒకటిన్నర టన్ను.

దుబాయ్‌లో ఉత్త ఎండైతే సరిపోను. పక్కనే వెచ్చటి సముద్రం, గాలినిండా ఆవిరి. మజ్జిగ చెంబుకి చెమట పట్టడం చూశావుగా? ఏసీ కాయిలు మీదా అదే జరుగుతుంది. ఆవిరి నీరైనప్పుడల్లా తనలో దాచుకున్న వేడిని కక్కేస్తుంది, కిలోకి సుమారు 2,400 కిలోజౌళ్లు. కిలో నీళ్లని ఒక డిగ్రీ చల్లార్చడానికి 4.2 చాలు. తేడా చూడు! గాలిని ఆరబెట్టడానికే బోలెడు కరెంటు పోతుందన్నమాట.

ప్లాంటుని జూలై మధ్యాహ్నానికి తట్టుకునేలా కట్టాలి. డిసెంబరులో చాలా యంత్రాలు ఊరికే కూర్చుంటాయి, అయినా వాటి ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. అందుకే బిల్లు రెండు ముక్కలుగా వస్తుంది. ఒకటి వాడినదానికి, రెండోది మీ ఫ్లాటు పేర కేటాయించిన టన్నులకి. తాళం వేసి విజయవాడ వచ్చేసినా రెండోది ఆగదు. పోనీ ఏసీ పూర్తిగా కట్టేద్దామంటే, ఆ తేమకి గోడలూ బట్టలూ బూజు పడతాయి.

దీనికి తోడు లిఫ్టులకీ, ఈతకొలనుకీ, వాచ్‌మన్‌కీ చదరపు అడుగు లెక్కన ఏటా సర్వీసు ఛార్జీ. కొన్నిచోట్ల చల్లదనం అందులోనే కలిసి ఉంటుంది, కొన్నిచోట్ల విడిగా కట్టాలి. అద్దె వస్తుంది కదా అంటావు. దాని మీద అక్కడ పన్ను లేదు గానీ, మీ నాన్న కాపురం ఇక్కడ కాబట్టి ఇక్కడి రిటర్నులో అద్దే చూపించాలి, ఫ్లాటూ చూపించాలి.

బయానా ఇచ్చేముందు పోయిన ఆగస్టు చల్లదనం బిల్లు అడగమను. ఫ్లాటు ఖాళీగా ఉన్న నెలది కూడా ఒకటి తెమ్మను. జనవరిది చేతిలో పెడితే, దాన్ని పక్కన పెట్టి మళ్లీ ఆగస్టుదే అడగమను.