అరచేతి ఓడకు ఆరు మిల్లీమీటర్ల కప్పీ!
మన్యం కర్రల్లో ఏది పనికొస్తుంది? ఏ దారం నిలుస్తుంది?

భద్రాచలం: గోదావరి మీద చాప ఎత్తిన పడవను చూసినవారు ఈ తీరాన ఏటికేడాది తగ్గిపోతున్నారు. నేడు నదిలో తిరిగేవి ఇంజను పడవలు, పాపికొండల యాత్రికులను తీసుకుపోయే లాంచీలు. ముక్కోటి ఏకాదశి ముందునాడు స్వామివారు విహరించే హంస వాహనానికి దీపాల అలంకారమే గాని కొయ్యా, చాపా ఉండవు. కాబట్టి తెరచాప ఓడ ఎట్లా నడిచేదో పిల్లలకు చూపాలంటే బొమ్మ చేసి చూపవలసిందే. ఓడ ఒడ్డూ పొడవూ కొంచెం తేడా వచ్చినా చెల్లుతుంది గాని, తాళ్లు తప్పుగా కట్టిన బొమ్మను చూసి నేర్చుకున్న పిల్లవాడిని తర్వాత సరిదిద్దేవారుండరు.

ఈ అడవికీ ఓడలకూ సంబంధం పాతదే. మన్యం టేకు దుంగలనూ, వెదుళ్లనూ తెప్పలుగా కట్టి గోదావరిలో రాజమండ్రికి దింపేవారు. సముద్రం ఒడ్డున కోరంగిలో ఓడలు కట్టేవారు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని ముంచివేశాయి, ఆపైన రేవు పూడిపోయింది. ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ 1845లో ఆస్ట్రేలియా తూర్పున పగడపు దిబ్బల్లో బద్దలు కాగా, అక్కడి చిన్న దీవులకు కోరంగి పేరే నిలిచిపోయింది. భద్రాచలానికి ఎగువన ఉన్న దుమ్ముగూడెం ఆనకట్ట సైతం మొదట తలపెట్టింది పడవల రాకపోకల కోసమే. ఆ పథకాన్ని అప్పటి ప్రభుత్వం 1871లో వదులుకున్నది.

బొమ్మకు నమూనా ఏది అన్న ప్రశ్న ముందు తేల్చుకోవాలి. సముద్రపు ఓడ కావాలంటే శాతవాహనుల నాటి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. తెలుగు నేల మీద దొరికే పాత ఆధారాల్లో అది ముఖ్యమైనది. నది పడవ కావాలంటే పని తేలిక. ఒకే కొయ్య, ఒకే చాప, నాలుగైదు తాళ్లు. మొదటిసారి చేసేవారు నది పడవతోనే ఆరంభించడం మేలు. వంద తాళ్ల విదేశీ ఓడ కిట్టు కొని, సగంలో అటక ఎక్కించడం కన్నా ఇది నయం.

ఇక కప్పీల సంగతి. చిక్కంతా ఇక్కడే వస్తుంది. యాభైకి ఒకటి చొప్పున బొమ్మ చేస్తే, అసలు ఓడలో ముప్పై సెంటీమీటర్ల కప్పీ ఆరు మిల్లీమీటర్లకు దిగుతుంది. ఐదు సెంటీమీటర్ల మందం మోకు ఒక మిల్లీమీటరు దారమవుతుంది. అంత చిన్న ముక్కకు టేకు పనికిరాదు. టేకుకు ఎంత పేరున్నా దాని పోగు ముతక, సన్నని బెజ్జం వేస్తే అంచు చిట్లుతుంది. టేకును ఓడ ఒంటికి వాడుకోవాలి. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి మరీ మెత్తన, దారం లాగగానే బెజ్జం సాగిపోతుంది. ఏటికొప్పాక లక్కపిడతలకు వాడే అంకుడు కర్ర సన్నపోగుది, కప్పీలకు సరిపోతుంది. దువ్వెనలు చేసే బిక్కి కర్ర ఇంకా గట్టిది. పుల్లకు ముందు బెజ్జాలు వేసి, చుట్టూ గాడి తీసి, ఆ తర్వాతనే ముక్కలుగా కోయాలి. ముందే కోస్తే వేళ్ల మధ్య నిలవవు.

కొన్న కప్పీలైతే బెజ్జం ఎక్కడున్నదో చూడాలి. కప్పీ ఏ కొసన వేలాడుతుందో ఆ కొసకు దగ్గరగా బెజ్జం ఉండాలి. తాడు చక్రం మీదుగా పోయి కిందికి లాగుతుంది కనుక అదే సహజం. చాలా బొమ్మల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడా ఉన్నట్లు మాత్రం తోస్తుంది.

చాపను కట్టే అడ్డకొయ్యకు వెదురును మించినది లేదు. ముదురు వెదురును చీల్చి, పైపొర వైపు బద్దను తీసుకోవాలి. పచ్చి వెదురుకు పురుగు పడుతుంది. కొన్ని వారాలు నీటిలో నానవేసి ఆరబెడితే ఆ బెడద తగ్గుతుంది. తెప్పలుగా వచ్చిన వెదురుకు ఈ స్నానం దారిలోనే జరిగిపోయేది! ఇంత చిన్న ముక్కల కోసం ఎవరూ అడవిలోకి గొడ్డలి పట్టుకుపోనవసరం లేదు. కోత మిల్లులోనూ, వడ్రంగి కొట్టంలోనూ పారేసే తునకలు ఒక బొమ్మకు కావలసినదానికన్నా ఎక్కువే.

దారం దగ్గర ఖమ్మం జిల్లా వారికి ఒక నిరాశ తప్పదు. పత్తికి పేరుపడ్డ జిల్లా అయినా నూలు దారం ఈ పనికి అంతగా ఒప్పదు. దానికి నూగు ఎక్కువ. పైగా వానాకాలం తేమకు బిగుసుకుని, ఎండాకాలం వదులై కొయ్యను పక్కకు వంచుతుంది. వలలు అల్లే నైలాను సాగుతుంది, ముడి జారుతుంది. దర్జీలు వాడే పాలిస్టరు దారాన్ని మూడు పేటలుగా పేని, తేనెమైనం పట్టిస్తే నిగనిగ పోయి మోకు రూపు వస్తుంది. కొయ్యను నిలబెట్టే తాళ్లకు తారు పూసేవారు కనుక అవి నల్లగానూ, చాపను ఎత్తి దించే తాళ్లు నార రంగులోనూ ఉండాలి. కరక్కాయ, ఇనుప తుప్పు కలిపిన నలుపు నూలుకు అందంగానే పడుతుంది గాని కొన్నేళ్లకు ఆ రంగే దారాన్ని తినేస్తుంది. నల్లదారం కొనుక్కోవడమే క్షేమం.

చాపకు పాత ధోవతి గుడ్డ చాలు, టీ నీళ్లలో ముంచితే ఎండకు మాగిన రంగు వస్తుంది. కొయ్య తాళ్లు ముందు, చాప తాళ్లు తర్వాత కట్టాలి. చివరి ముడులకు జిగురు పెట్టకుండా బొమ్మను ఒకసారి చాప పడవ నడిపిన పెద్దవారి దగ్గరకు తీసుకుపోవాలి. ఏ తాడు ఎక్కడ కట్టేవారని అడిగితే మాటల్లో చెప్పడం కష్టం. దారం చేతికిస్తే వారే కట్టి చూపుతారు.